క్రెడిట్ల కోసం ఇంటర్న్‌షిప్: పని ఒకచోట, మార్కులు ఇంకోచోట

డిగ్రీ లెక్కలోకి వచ్చే క్రెడిట్ల కోసం చేసే ఇంటర్న్‌షిప్‌లో చాలామంది దెబ్బతినేది పనిలో కాదు, కాగితాల్లో. కంపెనీలో మంచి పేరు తెచ్చుకుని, చివరి రోజు సర్టిఫికెట్ కూడా పుచ్చుకుని, గ్రేడ్ల జాబితాలో మాత్రం 'అసంపూర్తి' అని చూసుకుని బిత్తరపోయేవాళ్లు ఉంటారు. కారణం చిన్నదే. మీ పని రోజూ చూసేది కంపెనీ సూపర్‌వైజర్, కానీ ఆయన గ్రేడ్ వేయరు. గ్రేడ్ వేసేది కాలేజీ గైడ్, కానీ మీరు పని చేస్తుండగా ఆవిడ చూసేది మహా అయితే ఒకటి రెండుసార్లు. ఈ ఇద్దరి మధ్య నడిచేదల్లా కాగితమే: లాగ్‌బుక్, సూపర్‌వైజర్ నింపే మూల్యాంకన పత్రం, చివరి రిపోర్టు, వైవా. చేసిన పనికి మార్కులు పడవు. చేసినట్టు కాగితం మీద కనిపించిన పనికి పడతాయి. అన్యాయంగా అనిపించవచ్చు గానీ, గైడ్ స్థానంలో కూర్చుని ఆలోచిస్తే వేరే దారి లేదని తెలుస్తుంది.

అందుకే కంపెనీ వెతుక్కోవడం కంటే ముందు కోర్సు సిలబస్‌లో ఇంటర్న్‌షిప్ పేజీ తీసి, ఈ నాలుగింటికీ విడివిడిగా ఎన్ని మార్కులున్నాయో చూడండి. రిపోర్టుకి సగం మార్కులున్న చోట ఒకలా పని చేయాలి, సూపర్‌వైజర్ పత్రానికి సగం ఉన్న చోట ఇంకోలా. ఈ పేజీ చదవకుండానే సెమిస్టర్ ముగించేవాళ్లు ఎక్కువ.

గంటల లెక్క

ఒక క్రెడిట్‌కి ఎన్ని గంటలన్నది అన్నిచోట్లా ఒకటి కాదు. యూరప్ దేశాల ఈసీటీఎస్ పద్ధతిలో ఒక క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటలు, అందులో రిపోర్టు రాసుకునే సమయం, సొంతంగా చదువుకునే సమయం కూడా కలిసే ఉంటాయి. భారతదేశంలో సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ ఇంటర్న్‌షిప్ మార్గదర్శకాలు ఒక క్రెడిట్‌కి 40 నుంచి 45 గంటల పని అంటాయి. అమెరికాలో ఒక్కో కాలేజీది ఒక్కో లెక్క. కాబట్టి సీనియర్లు చెప్పిన అంకె, ఇంటర్నెట్‌లో దొరికిన అంకె పట్టుకోవద్దు. మీ సిలబస్‌లో ఏముందో అదే లెక్క. దాంతోపాటు గైడ్‌ని అడిగి తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. భోజన విరామం గంటల్లోకి వస్తుందా? రిపోర్టు రాసే సమయం వస్తుందా? కంపెనీ ఇచ్చే శిక్షణ తరగతులు వస్తాయా? ప్రయాణ సమయం దాదాపు ఎక్కడా రాదు.

ఒక లెక్క వేసి చూద్దాం. 4 క్రెడిట్లు, ఒక్కోదానికి 45 గంటలు, మొత్తం 180 గంటలు కావాలి. రోజుకి 5 గంటలు, వారానికి 5 రోజులు, 8 వారాలు అనుకుంటే 200 గంటలు వస్తాయి. 20 గంటలు మిగిలాయని నిశ్చింతగా ఉంటారు. ఆ 20 గంటలంటే నాలుగే రోజులు. రెండు సెలవు దినాలు, మధ్యలో రెండు రోజులు కాలేజీ పరీక్షలు వస్తే అవి అయిపోయినట్టే. ఆ తర్వాత ఒక్క రోజు జ్వరమొచ్చినా 175 దగ్గర ఆగిపోతారు. ఎనిమిదో వారంలో ఈ సంగతి తెలిస్తే సూపర్‌వైజర్‌ని బతిమాలుకోవడం తప్ప చేయగలిగింది లేదు. ముందే క్యాలెండర్ దగ్గర పెట్టుకుని సెలవులు, పరీక్షలు కొట్టేసి, మిగిలిన రోజులతో గుణించి, ఆ పైన ఇంకో వారం చేతిలో ఉంచుకుని ముగింపు తేదీ రాయించుకోండి. అనుకున్నదానికంటే ముందే ముగించడం తేలిక, తేదీ పొడిగించుకోవడం కష్టం.

ఇంకో చిక్కు నమోదు. కోర్సు రిజిస్ట్రేషన్, కాలేజీ ఆమోదం రెండూ అయ్యాకే గంటలు లెక్కలోకి వస్తాయన్నది సాధారణ నియమం. కంపెనీ తొందరపెట్టిందని ముందే చేరిపోతే ఆ రెండు వారాలూ ఊరికే పోవచ్చు. కంపెనీకి ఇది తెలియదు, తెలియాల్సిన అవసరమూ వాళ్లకు లేదు. చెప్పుకోవాల్సింది మీరే.

ఒప్పుకునే ముందు అడగాల్సినవి

ఇంటర్వ్యూలో వాళ్లు మిమ్మల్ని అడిగేవి ఎలాగూ ఉంటాయి. మీరు అడగాల్సినవీ నాలుగున్నాయి. నాకు పని ఇచ్చేది ఎవరు, ఆ మనిషి కింద ఇంకెంతమంది ఇంటర్న్‌లు ఉన్నారు? ఇంతకు ముందు ఇక్కడ చేసినవాళ్లు మూడో వారంలో ఏం పని చేస్తున్నారు? కాలేజీ పత్రాల మీద సంతకం ఎవరు పెడతారు? చేసిన పని గురించి రిపోర్టులో ఎంతవరకు రాయొచ్చు?

వీటిలో అసలు కిటుకంతా రెండో ప్రశ్నలో ఉంది. మొదటి వారం అందరికీ పరిచయాలూ శిక్షణే కాబట్టి దాని గురించి అడిగితే తెలిసేదేమీ ఉండదు. మూడో వారం గురించి అడిగితే, నిజంగా పని ఉన్నవాళ్లు తడుముకోకుండా చెబుతారు. 'అది అప్పటి అవసరాన్ని బట్టి' అన్న జవాబు వచ్చిందంటే అక్కడ పని ఇంకా ఆలోచించలేదని అర్థం. అంతమాత్రాన వదులుకోనక్కర్లేదు గానీ, పని మీరే పుట్టించుకోవాల్సి వస్తుందని తెలిసి చేరాలి.

ఇంటర్న్‌షిప్ ఇవ్వడానికి మీ దగ్గరే డబ్బు అడిగేవాళ్లకూ, పని లేకుండా సర్టిఫికెట్ ఇస్తామనేవాళ్లకూ దూరంగా ఉండండి. నీతి మాట అటుంచండి, అది దొరికిపోయే పని. గైడ్ సూపర్‌వైజర్‌కి ఒక్క ఫోన్ చేసి 'మా విద్యార్థి ఏం చేస్తున్నాడండీ' అని అడిగితే చాలు. దొరికితే పోయేది క్రెడిట్లతో ఆగదు. పరీక్షలో కాపీ కొట్టినవాళ్లకు ఏ నియమాలున్నాయో అవే వర్తించవచ్చు.

ఆఫర్ లెటర్ వచ్చాక సంబరపడే ముందు దాన్ని నిదానంగా చదవాలి. కాలేజీ రికార్డుల్లో ఉన్నట్టే మీ పేరు, విభాగం, మొదలు తేదీ, ముగింపు తేదీ, వారానికి గంటలు, సూపర్‌వైజర్ పేరు, హోదా ఉండాలి, అదీ కంపెనీ లెటర్‌హెడ్ మీద. ఇంటిపేరు ముందా వెనకా అన్న తేడా, ఇనీషియల్స్ విప్పి రాయడం, ఇలాంటివి చివర్లో సర్టిఫికెట్ దాకా అలాగే పాకుతాయి. ఇప్పుడే సరిచేయిస్తే ఒక్క మెయిల్‌తో పోతుంది. కాలేజీ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), కాలేజీకి కంపెనీకి మధ్య ఒప్పందం, బీమా, గోప్యత ఒప్పందం ఇవన్నీ అవసరమో కాదో ఇంటర్న్‌షిప్ విభాగంలో అడిగి, అవసరమైనవాటి మీద మొదటి రోజుకి ముందే సంతకాలు పూర్తి చేయించండి.

నేర్చుకునే లక్ష్యాలు

కాలేజీ ఇచ్చే ఫారంలో 'నేర్చుకునే లక్ష్యాలు' అని ఒక ఖాళీ ఉంటుంది. అందరూ ఐదు నిమిషాల్లో నింపేస్తారు. మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించాల్సింది ఇక్కడే, ఎందుకంటే చివర్లో రిపోర్టునీ వైవానీ దీంతోనే కొలుస్తారు.

'మార్కెటింగ్ మీద అవగాహన పెంచుకోవడం' అని రాశారనుకోండి. అవగాహన పెరిగిందని ఎనిమిది వారాల తర్వాత దేంతో చూపిస్తారు? చూపించలేరు. తెలుసుకోవడం, అర్థం చేసుకోవడం, పరిచయం చేసుకోవడం అన్న మాటలు ఎక్కడ కనిపిస్తే అక్కడ కొట్టేసి, వాటి బదులు కంటికి కనిపించే పని పెట్టండి: తయారు చేయడం, కొలవడం, పోల్చడం, తప్పు పట్టుకుని సరిదిద్దడం. 'నాలుగో వారం ముగిసేలోగా వారపు అమ్మకాల నివేదికను ముడి డేటా నుంచి మొదలుపెట్టి, ఎవరి సాయం లేకుండా తయారు చేయడం.' ఇది చూపించగలిగే లక్ష్యం. ల్యాబ్‌లో చేసేవాళ్లయితే 'ఒకే నమూనా మీద టైట్రేషన్ మూడుసార్లు చేసి, ఫలితాల మధ్య తేడా 1 శాతం లోపు ఉండేలా చూడటం'. ఒక్కో లక్ష్యం పక్కన రుజువు ఏమిటో కూడా అప్పుడే రాసేయండి: ఫలానా ఫైలు, ఫలానా కొలతల పట్టిక, సూపర్‌వైజర్ మెయిల్.

గైడ్‌లు క్రియాపదాల మీద ఎందుకంత పట్టుబడతారో చాలామందికి అంతుబట్టదు. కోర్సుల ఫలితాలు రాయడానికి చాలా కాలేజీల్లో వాడేది బ్లూమ్ వర్గీకరణ. 1956 నాటిది, 2001లో సవరించారు. గుర్తుపెట్టుకోవడం, అర్థం చేసుకోవడం, వాడటం, విశ్లేషించడం, బేరీజు వేయడం, సృష్టించడం అని ఆరు మెట్లు. మీ లక్ష్యాలన్నీ కింది రెండు మెట్ల దగ్గరే ఆగిపోతే, ఇది తరగతి గదిలోనే నేర్చుకోవచ్చు కదా అన్న ప్రశ్న వస్తుంది. మూడు నుంచి ఐదు లక్ష్యాలు చాలు. వాటిలో కనీసం రెండు విశ్లేషణ, ఆ పై మెట్లలో ఉంటే బాగుంటుంది.

లక్ష్యాలు ఒంటరిగా కూర్చుని రాయకండి. చిత్తు రాసి సూపర్‌వైజర్‌కి చూపించి, 'వీటిలో మీ దగ్గర వీలు కానిది ఏదైనా ఉందా' అని అడగండి. ఆ ఒక్క మాటతో, ఇంటర్న్‌కి అనుమతి లేని సాఫ్ట్‌వేర్ గురించో ఈ సీజన్‌లో జరగని పని గురించో ముందే తెలిసిపోతుంది.

మొదటి వారం

కాలేజీ మూల్యాంకన పత్రాన్ని చివరి వారం దాకా దాచిపెట్టకుండా మొదటి రోజే సూపర్‌వైజర్ చేతికి ఇవ్వండి. అందులో సాధారణంగా సమయపాలన, పని నాణ్యత, చొరవ, మాట్లాడే తీరు, నలుగురితో కలిసి పని చేయడం లాంటివి 1 నుంచి 5 దాకా అంకెలతో ఉంటాయి. దేన్ని గమనించాలో ముందే తెలిసిన మనిషి గమనిస్తారు. తెలియనివారు చివర్లో అన్నిటికీ వరసగా 4 పెట్టేసి సంతకం చేస్తారు. అలాంటి పత్రంలో గైడ్‌కి మీ గురించి తెలిసేదేమీ ఉండదు.

అదే వారంలో సూపర్‌వైజర్‌తో వారానికి 15 నిమిషాలు ఖాయం చేసుకోండి, ఫలానా రోజు ఫలానా సమయం అని. 'మీకు వీలైనప్పుడు మాట్లాడదాం' అన్నది ఎప్పటికీ వీలు కాదు. ఆ 15 నిమిషాల్లో మూడు సంగతులే: ఈ వారం ఏం పూర్తయింది, ఎక్కడ ఆగింది, వచ్చే వారం ఏమిటి. ఆఖరున లాగ్‌బుక్ మీద సంతకం.

పని అప్పగించినప్పుడు తలూపి వచ్చేయకండి. ఇది ఎవరు వాడతారు, ఎప్పటికి కావాలి, ఏ రూపంలో కావాలి, ఎంతవరకు చేస్తే పూర్తయినట్టు, ఇవి అడిగి, విన్నదాన్ని మీ మాటల్లో తిరిగి చెప్పండి. 'అంటే గురువారానికి, పై అధికారుల సమావేశం కోసం, ఒక పేజీలో, పోయిన మూడు నెలలవి మాత్రమే, అంతే కదండీ?' అర నిమిషం పని ఇది. ఇది చేయక రెండు రోజులు తప్పు నెలల డేటా మీద కూర్చోవడం ఇంటర్న్‌లందరికీ మామూలే.

ఎక్కడైనా చిక్కుకుంటే అరగంట సొంతంగా ప్రయత్నించి, అప్పటికీ తేలకపోతే అడగండి. అడిగేటప్పుడు 'రావట్లేదండీ' అనకుండా ఏం చేయబోయారు, ఏం చేసి చూశారు, ఏం వచ్చింది అన్నది చెప్పండి. చిన్నదానికీ పరిగెత్తేవాళ్లకు ఓపిక లేదంటారు. రెండు రోజులు నోరు విప్పనివాళ్ల పేరు మూల్యాంకన పత్రంలో 'చొరవ' దగ్గర ఇంకా అధ్వాన్నంగా ఉంటుంది.

లాగ్‌బుక్

రోజుకి పది నిమిషాలు. నలభై రోజులకి 400 నిమిషాలు, ఏడు గంటలు కూడా కాదు. ఈ ఏడు గంటలు పెట్టనివాళ్లు చివర్లో రిపోర్టు రాయడానికి రాత్రింబవళ్లు కూర్చుంటారు, అయినా రిపోర్టులో పస ఉండదు.

ఎక్కువమంది రాసేది ఇలా ఉంటుంది: 'ఈ రోజు డేటా ఎంట్రీ చేశాను. చాలా విషయాలు నేర్చుకున్నాను.' ఉండాల్సింది ఇలా: '10:00–1:00, 2:00–5:00, మొత్తం 6 గంటలు. 340 కస్టమర్ ఫిర్యాదులను ఏడు రకాలుగా విడదీశాను. 52 ఫిర్యాదులు రెండేసి రకాల్లోకి సరిపోతున్నాయి. సూపర్‌వైజర్‌ని అడిగితే, డబ్బు వాపసు ప్రస్తావన ఉంటే బిల్లింగ్ కిందే వేయమన్నారు. ఆ నియమంతో 41 తేలాయి, 11 మిగిలాయి. లక్ష్యం 2.' ఇందులో సమయం ఉంది, పరిమాణం ఉంది, ఎదురైన చిక్కు ఉంది, దాన్ని ఎలా దాటారో ఉంది, ఏ లక్ష్యానికి చెందిందో ఉంది. ఐదారు వాక్యాలే, కానీ రెండు నెలల తర్వాత చదివినా ఆ రోజు కళ్లముందు కనిపిస్తుంది.

ఆఖరి వారంలో కూర్చుని మొత్తం ఒకేసారి నింపితే తెలియదనుకుంటారు. ఇట్టే తెలుస్తుంది. చేతిరాత పుస్తకమైతే నలభై రోజులూ ఒకే పెన్ను, ఒకే వాలు. సెలవు రోజున కూడా ఆరు గంటలు పని చేసినట్టు ఉంటుంది. కంపెనీ హాజరు రికార్డులో మీరు లేని రోజు లాగ్‌లో ఉంటారు. అన్నిటికీ మించి, ప్రతి రోజూ సరిగ్గా సమానంగా నేర్చుకుని ఉంటారు, అది మనుషులకు సాధ్యం కాదు. సంతకం వారం వారం తీసుకోండి. ఎనిమిది వారాల సంతకాలు ఒకే రోజు పెట్టడానికి ఒప్పుకోని సూపర్‌వైజర్లు ఉన్నారు, వాళ్లది తప్పు కూడా కాదు.

ఇంటి నుంచి చేసే ఇంటర్న్‌షిప్ అయితే గంటలకు రుజువు ఇంకా కష్టం. పొద్దున మొదలుపెట్టేటప్పుడు ఒక సందేశం, ఇవాళ చేయబోయేది రెండు ముక్కల్లో. ముగించేటప్పుడు ఇంకోటి, అయింది ఏమిటో. అదే మీ హాజరు పట్టీ. దానివల్ల ఇంకో లాభం కూడా ఉంది. ఆఫీసులో కనిపించని మనిషిని మరిచిపోవడం చాలా తేలిక, రోజుకి రెండుసార్లు పేరు కనిపిస్తే అలా జరగదు.

గోప్యత దగ్గర జాగ్రత్త. లాగ్‌బుక్, రిపోర్టు కాలేజీలో ఎవరెవరి చేతుల్లోకి వెళ్తాయో మీ అదుపులో ఉండదు. కస్టమర్ల పేర్లు రాయకండి, 'కస్టమర్ అ' అని రాస్తే చాలు. అసలు అమ్మకాల అంకెల బదులు మొదటి నెలను 100 అనుకుని మిగతా నెలలు దాని లెక్కలో చూపిస్తే, పెరుగుదల తెలుస్తుంది, అంకె బయటపడదు. కంపెనీ ఫైళ్లు సొంత ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకోవడం, బయటి ఏఐ టూల్స్‌లో అతికించడం అడగకుండా చేయొద్దు. ఈ ఒక్క పొరపాటుకి ఇంటర్న్‌షిప్ మధ్యలోనే ఆపేసే హక్కు గోప్యత ఒప్పందంలోనే రాసి ఉండొచ్చు. మీరు సంతకం పెట్టిందే అది.

పని లేనప్పుడు, పని తగనప్పుడు

అడగందే అమ్మైనా పెట్టదు. కానీ అడిగే తీరు ఒకటుంది. 'ఏమైనా పని ఉందా అండీ?' అంటే, పని ఆలోచించే పని కూడా సూపర్‌వైజర్ నెత్తిన పెట్టినట్టే. 'ఫిర్యాదుల విభజనకి నియమాలన్నీ ఒక పేజీలో రాసి పెట్టనా, కొత్తగా వచ్చేవాళ్లకు పనికొస్తుంది' అంటే ఆయన 'సరే' అంటే చాలు. ప్రతి ఆఫీసులో అందరూ వాయిదా వేస్తూ వచ్చే పనులు కొన్ని ఉంటాయి: పాతబడిన సూచనల పత్రాలు, ఎవరి తలలోనో తప్ప కాగితం మీద లేని పద్ధతులు, నకళ్లతో నిండిపోయిన డేటా. ఇవి అడిగి తీసుకున్న ఇంటర్న్‌కి పని కరువుండదు.

ఫోటోకాపీలు తీయడం, ఫోన్లు ఎత్తడం లాంటివి కొంత అందరూ చేస్తారు, అందులో చిన్నతనమేమీ లేదు. అదే రోజంతా అయితే మాత్రం సమస్య, ఇలాంటి పనికి ఇంతకు మించి గంటలు లెక్కించం అని హద్దు పెట్టే కాలేజీలూ ఉన్నాయి. రెండు వారాల లాగ్ తిరగేస్తే లక్ష్యాలతో సంబంధం లేని గంటలు సగానికి మించి కనిపిస్తే, ముందు సూపర్‌వైజర్‌తో మాట్లాడండి. మూడో వారంలోనూ మారకపోతే గైడ్‌కి మెయిల్ పెట్టండి. ఫిర్యాదులా కాకుండా అంకెలతో: 'ఇప్పటికి 60 గంటలయ్యాయి, లక్ష్యాలకు సంబంధించినవి 18.' గైడ్ కంపెనీతో మాట్లాడతారు, లేదా లక్ష్యాలు మార్చుకోమంటారు. లక్ష్యాలు మార్చుకోవడం తప్పు కాదు, సగం గడువు దాటకముందే కాగితం మీద మార్చుకోవాలి. కోర్సు వదులుకునే ఆఖరి తేదీ అకడమిక్ క్యాలెండర్‌లో ఎప్పుడుందో కూడా చూసి పెట్టుకోండి. ఆ తేదీ దాటాక చెబితే గైడ్ చేతిలో కూడా ఏమీ ఉండదు.

వేధింపులు, ప్రమాదకరమైన పని, డబ్బు విషయంలో మోసం ఉన్నచోట ఈ నిదానం అక్కర్లేదు. ఆ రోజే తేదీ, సమయం, చోటు, అన్న మాటలు రాసి పెట్టుకుని, ఆ రోజే గైడ్‌కీ ఇంటర్న్‌షిప్ విభాగానికీ చెప్పండి. మర్నాడు అక్కడికి వెళ్లాల్సిన పని లేదు. కాకపోతే కాలేజీకి చెప్పకుండా మానేస్తే రికార్డులో అది గైర్హాజరుగానే మిగులుతుంది, క్రెడిట్లు పోయే దారి అదే.

రిపోర్టు, వైవా

ఇరవై ఐదు పేజీల రిపోర్టులో కంపెనీ పుట్టుపూర్వోత్తరాలు పది పేజీలు ఉండటం మామూలైపోయింది. అది కంపెనీ వెబ్‌సైట్‌లో ఉన్నదే, కాపీ పట్టే సాఫ్ట్‌వేర్ మొదట పట్టేదీ అదే. రెండు పేజీలకు మించనివ్వకండి. బరువంతా మీరు చేసిన పని మీద ఉండాలి: సమస్య ఏమిటి, అప్పటికి ఎలా చేస్తున్నారు, మీరేం చేశారు, ఏం మారింది, ఏం మారలేదు. లక్ష్యాలకు ఒక పట్టిక వేసి, ఒక్కోదాని ఎదుట రుజువు ఏ అనుబంధంలో ఏ పేజీలో ఉందో రాయండి. నెరవేరని లక్ష్యాన్ని దాచకండి. ఎందుకు కాలేదో సూటిగా రాసినవాళ్లకు మార్కులు పోయేది తక్కువ, దాచి వైవాలో దొరికినవాళ్లకే ఎక్కువ.

చాలా కాలేజీలు 'అనుభవ సమీక్ష' అని ఒక అధ్యాయం అడుగుతాయి. అక్కడ 'ఈ ఇంటర్న్‌షిప్ నాకు ఎంతో ఆత్మవిశ్వాసాన్నిచ్చింది' తరహా వాక్యాలు వరస కడతాయి. వాటికి విలువ లేదు. అనుభవంతో ఎలా నేర్చుకుంటామో వివరిస్తూ విద్యా సిద్ధాంతకర్త డేవిడ్ కోల్బ్ 1984లో చెప్పిన నాలుగు దశల చక్రం ఇక్కడ బాగా పనికొస్తుంది: జరిగింది, గమనించింది, దాన్నుంచి తీసిన సూత్రం, ఆ సూత్రాన్ని మళ్లీ పెట్టి చూడటం. పైన ఫిర్యాదుల ఉదాహరణనే తీసుకోండి. జరిగింది: 52 ఫిర్యాదులు రెండు రకాల్లోకి వస్తున్నాయి. గమనించింది: వాటిలో 41 ఫిర్యాదుల్లో డబ్బు వాపసు మాట ఉంది. సూత్రం: విషయాన్ని బట్టి కాకుండా, దాన్ని పరిష్కరించే విభాగాన్ని బట్టి రకాలు పెడితే అయోమయం తగ్గుతుంది. పెట్టి చూసింది: ఒకే 50 ఫిర్యాదులను ఇద్దరం విడివిడిగా విభజిస్తే పాత పద్ధతిలో 38 కలిశాయి, కొత్త పద్ధతిలో 46 కలిశాయి. ఆత్మవిశ్వాసం గురించి ఒక్క మాట లేకుండానే అది కనిపిస్తుంది. నాలుగో దశ దగ్గరే అందరూ ఆగిపోతారు, ఎందుకంటే దానికి సమయం కావాలి. అందుకే సమీక్ష ఆఖరి వారానికి వదలకుండా ఐదో వారంలోనే మొదలుపెట్టాలి.

రిపోర్టు చిత్తుప్రతి కాలేజీకి ఇచ్చే ముందు కంపెనీకి చూపించాల్సి ఉంటే కనీసం పది రోజుల ముందు పంపండి. సూపర్‌వైజర్ ఒక్కరే చదివి ఊరుకోకపోవచ్చు, లీగల్ విభాగానికి వెళ్తే అక్కడ మీ గడువుతో ఎవరికీ పని ఉండదు.

వైవాలో తప్పక వచ్చే ప్రశ్న ఒకటి: 'ఇందులో మీరు చేసింది ఏది, టీమ్ చేసింది ఏది?' స్లైడ్లలో ప్రతిచోటా 'మేము' అని రాసుకున్నవాళ్లు ఇక్కడ నీళ్లు నములుతారు. ముందే విడదీసుకోండి. 'మూడు నెలల డేటా టీమ్ ఇచ్చింది, విభజన నియమాలు నేను రాశాను, అమలు చేసింది టీమ్' అని చెప్పుకోవడంలో తక్కువేమీ లేదు. స్లైడ్‌లో పెట్టిన ప్రతి అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పగలగాలి. చదువుకున్న ఏ సబ్జెక్ట్ పనికొచ్చింది, ఏది పనికిరాలేదు అనీ అడుగుతారు. రెండో సగానికి నిజాయితీగా జవాబు చెప్పేవాళ్లంటే ఎగ్జామినర్లకు ఇష్టం.

ఆఖరి రెండు వారాలు

ముగింపుకి రెండు వారాల ముందే, చేసిన పనుల జాబితా ఒక పేజీలో సూపర్‌వైజర్‌కి ఇవ్వండి, మూల్యాంకన పత్రం నింపేటప్పుడు ఎదురుగా పెట్టుకుంటారు. మనుషులకు పోయిన వారం గుర్తుంటుంది, రెండో వారం గుర్తుండదు. ఆయన సెలవు ఎప్పుడు పెడుతున్నారో కూడా కనుక్కోండి. పత్రం కవరులో సీలు వేసి ఇవ్వాలా, నేరుగా గైడ్ మెయిల్‌కి పంపాలా అన్నది ఒక్కో కాలేజీలో ఒక్కోలా ఉంటుంది. మీ చేతికి ఇచ్చిన పత్రం చెల్లదనే చోట్లు ఉన్నాయి.

సర్టిఫికెట్ చేతికి రాగానే మడత పెట్టకుండా మూడు కాగితాలు పక్కపక్కన పెట్టి చూడండి: ఆఫర్ లెటర్, లాగ్‌బుక్, సర్టిఫికెట్. తేదీలు మూడింటిలోనూ కలవాలి. మొత్తం గంటలు అంకెల్లో ఉండాలి, 'రెండు నెలలు' అని ఉంటే కుదరదు. సంతకం, హోదా, కంపెనీ ముద్ర ఉన్నాయో లేదో చూడండి. తేడా ఉంటే ఆ రోజే అక్కడే సరిచేయించుకోండి.

మీరు వెళ్లాక పని అందుకునేవాళ్ల కోసం ఒక పేజీ రాసి ఇవ్వండి: పూర్తయినవి, సగంలో ఉన్నవి, ఏ ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉంది, ఎవరి జవాబు కోసం ఏది ఆగి ఉంది. ఐడీ కార్డు, ల్యాప్‌టాప్ తిరిగిచ్చినట్టు మెయిల్ తీసుకోండి. కంపెనీ మెయిల్ ఖాతా ఆ సాయంత్రమే మూసేయవచ్చు, కాబట్టి రిపోర్టుకి రుజువుగా వాడుకోవడానికి అనుమతి ఉన్నవాటిని ముందే వేరుగా తీసి పెట్టుకోండి. సిఫారసు లేఖ కావాలంటే అదీ ఈ రెండు వారాల్లోనే అడగాలి.

గ్రేడ్లు వచ్చాక మార్కుల జాబితాలో ఇంటర్న్‌షిప్ వరసలో క్రెడిట్ల సంఖ్య సరిగ్గా పడిందో లేదో చూసుకోండి. గ్రేడ్ పడి క్రెడిట్ల దగ్గర సున్నా ఉండటం, 4 బదులు 2 ఉండటం జరుగుతూనే ఉంటుంది. డిగ్రీ పట్టా కోసం దరఖాస్తు చేసేటప్పుడు తెలిస్తే, అప్పటికి గైడ్ మారిపోయి ఉంటారు, సూపర్‌వైజర్ ఇంకో కంపెనీకి వెళ్లిపోయి ఉంటారు. అందాకా లాగ్‌బుక్ నకలు, సర్టిఫికెట్ నకలు పారేయకండి.